కాపీలు అయిపోయిన పుస్తకం

మైదా జిగురు సరిగ్గా ఉడకలేదు. పట్టాభి ఉండలు వేలితో చిదిపి, ఊడిపోయిన నవల వీపుకి పూసి, పైన గుడ్డపీలిక అంటించాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఆ అద్దె పుస్తకాల షాపుకి షట్టరు సగం దించి ఉంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు లేవు. కోచింగ్ సెంటర్లు మూతపడి, నవలలు అద్దెకి తీసుకునే పిల్లలు హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకి పోయారు. అయినా పట్టాభి రోజూ తొమ్మిదింటికి వచ్చి, షట్టరు కింద నుంచి వంగి దూరి, ఎవరూ అడగని పుస్తకాలకి అట్టలు వేస్తూ కూర్చుంటాడు.

అరవై నాలుగేళ్ల మనిషి. సన్నగా, కాస్త గూనిగా ఉంటాడు. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి, అందులో ఒకటి రాయదు. తెనాలి నుంచి వచ్చి ఈ నగరంలో ముప్పై ఏళ్లకి పైగా నెట్టుకొచ్చాడు. ఒకప్పుడు తొమ్మిది డిటెక్టివ్ నవలలు రాశాడని షాపుకొచ్చేవాళ్లకి తెలియదు. తెలిసినా ఎవరూ లేచి నిలబడరు. అన్నీ గుర్రప్పందేల మీదే. రేసుకి ముందు ఓ గుర్రం కూలిపోతుంది, గడ్డిమోపుల మధ్య ఓ శవం దొరుకుతుంది, డిటెక్టివ్ శ్రీకర్ తెల్ల సూటులో దిగుతాడు. ఇన్ని గుర్రాల్ని పరుగెత్తించిన పట్టాభి జన్మలో ఒక్క గుర్రం మూతి తాకిన పాపాన పోలేదు.

గుర్రాల సంగతంతా చెప్పింది వీరేశం. మలక్‌పేట రేసుకోర్సులో సైసు. గుర్రాన్ని కడిగి, మాలీసు చేసి, మేపి, రాత్రి దాని పక్కనే పడుకునే మనిషి. పాతికేళ్ల కిందట ఇరానీ హోటల్లో పరిచయమయ్యాడు. గుర్రానికి ఒంట్లో బాగాలేకపోతే ముందు చెవులు ఎట్లా వాలుతాయో, కాలికి కట్టు ఎంత బిగించాలో, కొత్త మనిషి చేతి నీళ్లు అదెందుకు తాగదో, చాయ్ సాసర్లో పోసుకుంటూ గంటలకొద్దీ చెప్పేవాడు. పట్టాభి రాసుకునేవాడు. చదువు రాని వీరేశం ఆ రాతని ముచ్చటగా చూసేవాడు.

మొదటి నవల చదివిన విజయవాడ పబ్లిషరు ఉత్తరం రాశాడు: దొంగకి ఆ సైసుల తెలంగాణ యాస పెట్టండి, జనం నవ్వుకుంటారు. పట్టాభి పెట్టాడు. జనం నవ్వుకున్నారు. ఇక తొమ్మిది నవలల్లోనూ గుర్రానికి మత్తుసూది పొడిచేవాడు సైసే. వాడు ‘గట్ల’, ‘గిట్ల’ అంటూ కల్లు తాగి వాగుతుంటే శ్రీకర్ చక్కటి తెలుగులో వాణ్ణి పట్టిస్తాడు. మొదటి నవలలో వాడి పేరు ఈరిగాడు. వీరేశాన్ని వాళ్లమ్మ పిలిచే పేరది. ఇంకో పేరు ఆలోచించడానికి బద్ధకించాడు, అంతే. అంతే అని పాతికేళ్లుగా తనకి తాను చెప్పుకుంటున్నాడు.

పుస్తకం అచ్చయ్యాక వీరేశం ఎదురొచ్చి అడిగాడు. “నన్నేం జేసినవ్ సారూ అండ్ల?”

“హీరోవి నువ్వే,” అన్నాడు పట్టాభి.

“అయితే ఒకటియ్యి, ఇంట్ల పెట్టుకుంట.”

“కాపీలు అయిపోయాయి వీరేశం.”

ఎప్పుడు అడిగినా అదే మాట. మిగిలిన ఒక్క కాపీ ఈ షాపులోనే, పై అరలో, పంచాంగాల వెనక ఉంది. పట్టాభే దాచాడు.

పదింటికి ఫోన్ మోగింది. “సార్, నేను యోగేందర్‌ని. వీరేశం కొడుకుని. దవాఖానల లాభం లేదంటే బాపుని ఇంటికి తెచ్చుకున్నం. నిన్నే యాది జేస్తుండు. ఆయన మీద రాసిన పుస్తకం పట్కరమ్మంటుండు. రాసినోడే సద్వాల్నంట.”

కాపీలు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పట్టాభి దాన్ని మింగి, వస్తానన్నాడు. స్టూలెక్కి పుస్తకం దింపాడు. మొదటి నవల, ‘చివరి ఫర్లాంగులో చావు’. దులిపితే దుమ్మొచ్చింది. తుమ్మి, దాన్ని సంచీలో వేసుకున్నాడు.

ఆటోలు కూడా లేవు. కొత్తపేట మీదుగా నడిచాడు. చదివేటప్పుడు పేర్లు మార్చేయొచ్చు, మనిషి ఉన్న స్థితికి అదే మేలు అనుకుంటూ నడిచాడు. ఎవరికి మేలో అతనికి బాగానే తెలుసు. ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మెవాళ్లు రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు, పాటలు, పొగ. ఒకావిడ విస్తరాకు చేతిలో పెట్టింది.

“తిను సారూ, మొఖం వాడిపోయింది.”

“వద్దండీ,” అన్నాడు. ఆ ఒక్క ‘అండీ’కి చుట్టూ నాలుగు తలలు తిరిగాయి. 

“అన్నం కాడ వద్దనొద్దు,” అందావిడ, ఇంకో గరిటె వేసి.

తిన్నాడు. ఎవరూ ఒక్క మాటనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే హక్కున్నవాళ్లు అన్నం పెడితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మన్సూరాబాద్‌లో రెండు గదుల రేకుల ఇల్లు. సమ్మెలో ఉన్న కండక్టరు యోగేందర్ అప్పుడే డిపో దగ్గర శిబిరానికి వెళ్లాడట. వీరేశం భార్య చంద్రమ్మ కుర్చీ వేసింది. మంచం మీద వీరేశం సగానికి సగమైపోయి ఉన్నాడు. ఒకప్పుడు కదం తొక్కే గుర్రాన్ని ఒంటిచేత్తో ఆపిన మనిషి, ఇప్పుడు దుప్పటి లాక్కోవడానికి ఆయాసపడుతున్నాడు.

“దొరికిందా సారూ, కాపీ?”

“దొరికింది.”

“సద్వు.”

పట్టాభి తెరిచాడు. ‘ఈరిగాడు చీకట్లో పళ్లికిలించాడు’ అని ఉంది. “వీరేశం చీకట్లో లేచి కూర్చున్నాడు,” అని చదివాడు. తర్వాత వాక్యం దాటేశాడు. శ్రీకర్ ఉన్నచోటల్లా వీరేశాన్ని పెట్టాడు. శ్రీకర్ పుస్తకాల తెలుగు మాట్లాడతాడు కనుక ఆ మాటల్ని అక్కడికక్కడ వీరేశం భాషలోకి మార్చాల్సొచ్చింది. “గా గుర్రం ఎందుకు నీళ్లు తాగుత లేదు?” అని చదివాడు.

వీరేశం కళ్లు తెరిచాడు. “గట్లనం సారూ. నీళ్లు ముడ్తలేదంటం.”

“నీళ్లు ముడ్తలేదు,” అని దిద్దుకున్నాడు పట్టాభి.

“ఆ. గట్ల. ఇగో సంద్రీ, నా మాటనే అచ్చేసిండు సూడు. పట్నంల ఎందరు సద్విన్రో.”

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పట్టాభి పేజీ తిప్పాడు. దొంగభాష కింద అచ్చేయించిన మాటల్ని ఆ మాటల సొంతదారు ముందు హీరో నోట్లో పెట్టి చదువుతుంటే, అవి ఎంత అందంగా ఉన్నాయో మొదటిసారి చెవిన పడింది. ఇట్లా రాయడానికి ఆ రోజు ఏం అడ్డొచ్చింది? ఏమీ అడ్డు రాలేదు. రాయాలని తోచలేదు.

కాసేపటికి వీరేశం అడిగాడు. “సూది పొడిసినోడు ఎవడు సారూ? మనోడు కాదు గద?”

“కాదు. మనోడు కాదు.”

“మరెవడు?”

పుస్తకంలో జవాబు ఉంది. పట్టాభి తలెత్తలేదు. “రేసుల గురించి రాసేవాడు ఒకడున్నాడు. రోజూ వచ్చి చాయ్ తాగుతూ కబుర్లు అడిగేవాడు. వాడే.”

“పెద్దమనిషి లెక్కనే ఉండుంటడు.”

“అవును. నమ్మేటట్టే ఉంటాడు.”

“పట్టుకున్ననా మరి?”

“పట్టుకున్నావు. చివర్లో.”

“కొట్టిన్నా?”

“లేదు. వదిలేశావు.”

వీరేశం తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. “జర నిమ్మళంగ సద్వు. సివరిదాంక ఉరుకకు.”

పట్టాభి నిమ్మళంగా చదివాడు. అచ్చులో ఉన్నదాన్ని చూడ్డం కూడా మానేసి, కల్పించుకుంటూ పోయాడు. వీరేశం అలిగిన గుర్రం మెడ నిమిరాడు, బకెట్ వాసన చూసి నీళ్లు పారబోశాడు, తెల్లవారుజామున మంచులో దాన్ని నడిపించాడు. పాతికేళ్ల కిందట రాయాల్సిన నవల ఆ మధ్యాహ్నం నోటితో రాస్తూ పోయాడు. మధ్యలో చంద్రమ్మ లేచొచ్చి మంచం దగ్గర వంగింది. భర్త ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంది.

“ఇగ సాలు సారూ,” అంది. “ఇనేటోడు పోయిండు.”

పట్టాభి సగం వాక్యంలో ఆగాడు. వేలు పెట్టిన పేజీ మూల మడిచి పుస్తకం మూశాడు. చేతులకి తెలిసిన పని అది.

చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. యోగేందర్ పరుగున వచ్చి, తండ్రి కాళ్ల మీద పడి ఏడ్చాడు. శవాన్ని నేల మీదికి దించి తలాపున దీపం పెట్టారు. పట్టాభి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే యోగేందర్ వచ్చాడు.

“బాపు ఆఖరికి నవ్వుకుంటనే పోయిండంట సార్. అమ్మ జెప్పింది. గా పుస్తకం ఇడిసిపో. పదకొండోనాడు చుట్టాలందరు కూడినంక నేనే సద్వి ఇనిపిస్త.”

పట్టాభి చెయ్యి పుస్తకం ఉన్న సంచీని గట్టిగా పట్టుకుంది. “ఇది షాపు పుస్తకం యోగేందర్. ఒక్కటే కాపీ...”

వెనక నుంచి చంద్రమ్మ అంది. “రాసినోనికి గూడ కిరాయేనా సారూ?”

అందులో వెటకారం లేదు. అంత దుఃఖంలోనూ అమాయకంగా అడిగింది. పట్టాభికి నేలలోకి కూరుకుపోవాలనిపించింది. ఇప్పుడు పట్టుకుపోతే వీళ్లకి ఎప్పటికీ తెలియదు. వీళ్ల ఇంట్లో తను మంచివాడుగానే ఉండిపోతాడు. వీరేశం నమ్మి పోయాడు, చాలదా అనుకున్నాడు. చాలదని తెలుస్తూనే ఉంది.

పుస్తకం తీసి యోగేందర్ చేతిలో పెట్టాడు. “నేను చదివినట్టు ఉండదు బాబూ, అందులో,” అన్నాడు.

“ఉండదు సార్. నీ లెక్క సద్వుడు నాకు యాడొస్తది,” అన్నాడు యోగేందర్, కళ్లు తుడుచుకుంటూ.

పట్టాభి నోరు తెరిచాడు. అప్పుడే ఎవరో యోగేందర్‌ని పిలిచారు. అతను వెళ్లి పుస్తకాన్ని తండ్రి తల దగ్గర పెట్టి, పాడె సంగతి మాట్లాడడానికి బయటికి పోయాడు. పట్టాభి మళ్లీ పిలవలేదు. వీధి మలుపు దాకా తల తిప్పకుండా నడిచాడు.

దీపం పక్కన, నేల మీద, మూల మడిచిన పుస్తకం కొద్దిగా విచ్చుకుని ఉంది. ఆ పేజీలో మొదటి మాట ‘ఈరిగాడు’.