వైపరు బాగైన రోజు

"వాన రాకపోవడం నీ సమస్య. వైపరు తిరగకపోవడం నా సమస్య," అని దివాకర్ కారును బండ్లు తనిఖీ చేసే అధికారి వరసలోంచి పక్కకు తీయించాడు. పాతబడిన కారు ఇంకొన్నాళ్లు రోడ్డు మీద తిరగాలంటే ఆయన ఒప్పుకోవాలి. హారను మోగింది, బ్రేకు పట్టింది, లైట్లన్నీ వెలిగాయి. వైపరు స్విచ్చి వేస్తే మాత్రం బానెట్టు కింద మోటారు గుర్రుమంది గానీ, అద్దం మీద పుల్లలు రెండూ కదల్లేదు. బాగు చేయించుకుని రేపు రమ్మన్నాడాయన. మబ్బు మొహమే మరిచిపోయిన సీమలో వైపరు అడిగే మనిషి ఒకడు దొరికినందుకు దివాకర్‌కు ఒళ్లు మండిపోయింది.

పక్క సీట్లో ఉన్న తల్లి ఓబులమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది. మోకాళ్లు చూపించుకోవాలని పొద్దున కారెక్కింది గానీ, దారిలోనే ఆ నొప్పి మాయమైంది. నిజానికి ఆమె వచ్చింది, కొడుకు వైపరు బాగు చేయించకుండా కాపలా కాయడానికి.

"మంచిదే అయింది లేరా. దాని జోలికి పోవద్దు. శెనక్కాయ ఊడలు భూమిలోకి దిగే టైము. మన నోట్లో మనమే మన్ను కొట్టుకోవద్దు నాయనా," అంది.

ఓబులమ్మ లెక్క ఓబులమ్మకుంది. వైపరు మొదటిసారి బాగు చేయించిన ఏడు, కమ్ముకొచ్చిన మబ్బు కమ్ముకొచ్చినట్టే కర్ణాటక పక్కకు వెళ్లిపోయింది. మళ్లీ అది చెడిన ఏడు వంకలు పారాయి. కిందటేడు కొడుకు దానికి కొత్త రబ్బర్లు వేయించాడు, వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఈ ఏడు వైపరు దానంతటదే చచ్చింది కాబట్టి వాన ఖాయమని, చేనంతా వేరుశెనగ వేయించింది. ఇప్పుడా పైరు తల వేలేసింది. ఈ వారంలో ఒక పదును వాన పడకపోతే మిగిలేది పశువుల మేతే. ఆ సంగతి దివాకర్‌కు తెలియక కాదు. చేను వైపు వెళ్లాలంటేనే అతనికి కాళ్లు రావడం లేదు.

"పైనున్న మబ్బుకు మన కారు కనపడతాదా అమ్మా?"

"కనపడక? ఎర్రకారు గదా!"

దివాకర్ కుందుర్పి ఊళ్లోకి వచ్చి, మెకానిక్ తిప్పేష్ షెడ్డు ముందు కారాపాడు.

తిప్పేష్ మొదట ఫ్యూజు అన్నాడు. ఫ్యూజు బాగుంది. అయితే మోటారే అన్నాడు. దాన్ని ఊడదీసి, తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ బిగించాడు. అదీ బాగుంది. చివరికి మోటారుకూ పుల్లలకూ మధ్యనుండే కడ్డీ కొసన ఉండే చిన్న తొడుగు, బుష్, అరిగి రాలిపోయిందని తేలింది.

"దీనికి బుష్ యాడ తేవాలన్నా? ఈ కారు నా పెండ్లికి ముందుది," అని గొణుక్కుంటూ వేరే బండి బుష్ ఒకటి వెతికి ఇరికించాడు. స్విచ్చి వేస్తే రెండు పుల్లలూ పొట్టేళ్ల మాదిరి ఎదురెదురుగా వచ్చి కొమ్ములు పెనవేసుకున్నాయి. విడదీసి మార్చి బిగిస్తే, ఒక పుల్ల అద్దం దాటిపోయి డోరు పక్క రేకును టపటపా కొట్టింది.

"ఏమప్పా, ఇది అద్దం తుడిచేదా, ఈగలు తోలేదా?" దివాకర్ గొంతు లేచింది.

"కొంచెం ఆగన్నా! నేనేమన్నా ఆడుకుంటాండానా?"

మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. ఈసారి రెండూ జతగా కదిలాయి. పొడి అద్దం మీద తిప్పితే గీతలు పడతాయని తిప్పేష్ నీళ్లడిగాడు. తల్లి ఒళ్లో ఉన్న సీసా కోసం దివాకర్ చెయ్యి చాచాడు. ఓబులమ్మ దాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుంది.

"తాగే నీళ్లు. ఈ పాపానికి ఇయ్యను."

తిప్పేష్ పంక్చర్లు చూసుకునే తొట్టిలోంచి మురికినీళ్లు ముంచి కుమ్మరించాడు. వైపరు అద్దమంతా ఎర్రటి బురద పులిమి, మళ్లీ తనే శుభ్రంగా తుడిచేసింది. దివాకర్ ప్రాణం లేచొచ్చింది. అంతలో తల్లిని చూశాడు. ఆమె ఆకాశం వైపు చూస్తోంది. కళ్లనిండా నీళ్లు.

"అయిపాయ. నా శెనక్కాయ అయిపాయ."

"వాన వైపరును చూసి రాదమ్మా!" దివాకర్ అరిచాడు. "వస్తే వస్తాది, రాకుంటే లేదు! నీతో నాకు పిచ్చి పట్టేటట్టుండాది!"

తిప్పేష్ వినబడనట్టు స్పానర్లు ఏరుకున్నాడు.

ఊరి దారి పట్టాక తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సగం దూరంలో గాలి తిరిగింది. గుట్ట వెనక నల్లబడింది. దుమ్ము లేచి అణిగీ అణగకముందే అద్దం మీద టప్పున ఒక చినుకు పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత లెక్కలేదు. కుండపోత. రోడ్డు లేదు, గుట్ట లేదు, బానెట్టు కూడా కనబడడం లేదు.

దివాకర్ చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. అతనికి భయం వేసింది. నిజంగానే భయం వేసింది. ఇది తిరిగి, వాన ఆగిపోతే? ఇదంతా ఒట్టి మాటని తెలుసు, ఇందాక తనే గొంతు చించుకుని చెప్పాడు. అయినా వేలు కదల్లేదు. కారును ఎద్దులబండి నడకకు తెచ్చి, అద్దం దించి, తల బయటికి పెట్టాడు.

"వైపరు ఎయ్యిరా! గుంతలో పడి సస్తాం!" ఓబులమ్మ కేక పెట్టింది.

"నువ్వు ఊరికుండమ్మా!" ముక్కు మీదుగా కారుతున్న నీళ్లు ఊదుకుంటూ అన్నాడు దివాకర్. "చేను తడవనీ!"

ఓబులమ్మ కొడుకు వైపు ఒక్క క్షణం చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, తన పక్క అద్దం దించి, ఆమె కూడా తల బయటికి పెట్టింది.

"ఈడ గుంత ఉండాది. కుడికి తిప్పు. నిదానంగా, నాయనా."