సావింటి జున్ను

మా ఆయన సిద్దప్పను మట్టి చేసొచ్చిన మర్నాడు పొద్దున మా ఆవు ఈనింది. దానికేం తెలుసు, ఇంట్లో సావయిందని? కొట్టంలోకి పోయి సూస్తే కోడెదూడ పడిండాది, తల్లి నాకతా ఉండాది. సూసినా, అంతే. సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. మనసంతా మొద్దుబారిపోయిండాది.

అది పుంగనూరు పొట్టావు. ఇచ్చేదే సెంబెడు పాలు. పలమనేరు పక్క బ్యాంకోళ్లు జెర్సీలకు లోన్లు ఇస్తాండే ఆ కాలంలో గూడా మా ఆయన దాన్ని మార్చలేదు. సదుంలో కొని, పసిదూడగా ఉన్నప్పుడు భుజానేసుకొని తెచ్చినాడు. ఆయన గురుతని నాకు మిగిలింది అదొకటే. అయితే దానికి దూడలు నిలవవు. పుట్టింది పుట్టినట్టే ఎగిరేది, ఆమీట బేదులు పట్టుకొని కాళ్లు సాపేసేది. దిష్టి అన్న్యారు. మెడకు నల్లదారం కట్టినాం, గంగమ్మకు మొక్కుకున్న్యాం. ఏమీ కాలేదు.

"ఈ తూరీ దూడ సస్తే ఆవును సంతకు తోలేస్తా వదినా. నువ్వొక్కదానివి యాడ మేపతావు?" అని మా మరిది ఓబులప్ప సావింట్లోనే అనేసినాడు. ఆవు గూడా పోతాదేమోనని మాత్రం నాకు గుబులుగా ఉండె.

మా ఆయనకు జున్నంటే పండగే. ఆవు ఈనితే సాలు, పొదుగు కాడ కూర్చొని ముర్రుపాలు కడాకూ పిండేసేవాడు. బెల్లమేసి నాతో ఉడికించి ఇంటింటికీ పంచేవాడు. "పంచకుండా తింటే అదేం జున్ను సౌడీ?" అని నాతో అనేవాడు. సిద్దప్ప సెయ్యి పెద్దదని ఊరంతా మెచ్చుకునేది. ఆ పాలు దూడకు అరగవని పెద్దోళ్ల మాట. దానికి వట్టి పొదుగు సీకేదే మిగిలేది.

ఈ తూరి ఎవురూ గిన్నె పట్టుకొని రాలేదు. సావంటు గదా, దినాలయ్యే దాకా మా ఇంట్లో నీళ్లు గూడా తాగరు. నాకా, పిండే ఓపిక లేదు. పిండి ఎవరికి పెట్టేది? గోడకానుకొని కూర్చున్న్యా. దూడ తడబడతా పోయి పొదుగు పట్టుకునింది. కడుపునిండా తాగింది, పండుకునింది, లేసి మళ్లీ తాగింది. మూతినిండా పసుపచ్చ పాలు. నేను సూస్తానే ఉండా.

ఈ తూరి బేదులు పట్టలేదు. దినాలనాటికి తోక ఎత్తుకొని వాకిట్లో పరిగెత్తతా ఉండాది.

వచ్చినోళ్లంతా దాన్ని సూసి నోళ్లు తెరిసినారు. ఓబులప్ప దాని మెడ నిమిరి, "అన్నే పుట్టినాడు వదినా. యాడికీ పోలేదు. ఆవును నేను తోలనులే" అని కండ్లు తుడుసుకున్న్యాడు. పక్కింటి తులసమ్మ దూడకు దండం పెట్టింది.

నాకు ఒళ్లు మండింది.

"ఆయనెట్ల పుడతాడప్పా? పాలు పంచలేదు, దూడ తాగింది, బతికింది. మీ అన్న ఉండింటే ఇది సచ్చుండేది" అన్న్యా.

తులసమ్మ నన్ను ఊరుకోమన్నట్టు సెయ్యి పట్టుకునింది.

ఇంకో మాట గూడా నోటిదాకా వచ్చింది గానీ మింగేసినా. ఇది సచ్చినా సరే, ఆయనుండింటే నాకు సాలు.