చదివి వినిపించగా

ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ప్రతి దానికీ చివర ఒకటే వాక్యం: ‘ఇందలి విషయములు చదివి వినిపించగా విని, అర్థము చేసుకొని, సమ్మతించి సంతకము చేయడమైనది.’ నిజంగా చదివి వినిపిస్తానా అంటే, ఎక్కడ? బెంచీ మీద పదిమంది కాచుక్కూర్చుంటారు, లోపల రిజిస్ట్రారు గడియారం వంక చూస్తుంటాడు. ఈ వీధిలో రాసేవాళ్లం పన్నెండుమందిమి. ఒక్కడూ చదవడు, అందరం ఆ వాక్యం మాత్రం రాసేస్తాం. సిగ్గులేని జన్మలు మావి.

మెషినక్క సంతకం పెట్టిన రోజూ అంతే జరిగింది. ఇరవై ఏళ్లుగా వీధివైపు గదిలో కుట్టు మెషిను తొక్కుతోంది కాబట్టి ఆవిడకా పేరు. ఇల్లు తండ్రిది, ఆమెకు సగం, తమ్ముడికి సగం. అక్క తన వాటా వదులుకుంటోందని చెప్పి తమ్ముడు ముందురోజే నాతో పత్రం రాయించాడు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకొచ్చాడు.

“కరెంటు మీటరు నా పేరు మీదకి మార్చే కాగితం అక్కా, ఇక్కడ పెట్టు,” అన్నాడు గొంతు తగ్గించి, నా బల్ల ముందే.

ఆమె కళ్లజోడైనా పెట్టుకోకుండా సంతకం చేసింది. అది మీటరు కాగితం కాదని చెబుదామని నోరు తెరిచాను కూడా. ఇంతలో బెంచీ మీద ఎవరో విసుక్కున్నారు. అక్కాతమ్ముళ్ల గొడవ, మధ్యలో నాకెందుకులే అని ఊరుకున్నాను. రిజిస్ట్రారు సంతకం మీదేనా అన్నాడు, నాదే అంది.

ఎనిమిది నెలలకు తమ్ముడు ఆ పత్రం చూపించి గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె ఆ పత్రం రద్దు చెయ్యమని దావా వేసింది. తమ్ముడి ప్లీడరు వాదన ఒక్కటే: చదువొచ్చిన మనిషి చదవకుండా సంతకం పెడితే అది అజాగ్రత్త, మోసం ఎలా అవుతుంది? పైగా నా వాక్యం చూపించాడు. జడ్జిగారు ఓపిగ్గా విడమరిచారు. నిజం తెలిసినవాడు చెప్పకుండా ఊరుకుంటే మామూలుగా చట్టం దాన్ని మోసం అనదు. అబద్ధమని తెలిసీ నిజమని నమ్మించి సంతకం పెట్టించుకుంటే మాత్రం మోసమే. అయితే ఆ అబద్ధం ఆడాడని రుజువు చెయ్యాల్సింది ఆమే. ఆ మాట విన్న మూడో మనిషిని నేనొక్కణ్ణే.

సాక్ష్యానికి పిలుపొచ్చింది. తమ్ముడు వచ్చి, చదవలేదని ఒప్పుకుంటే నా లైసెన్సు ఉండదని మర్యాదగానే గుర్తుచేశాడు. నామీద నాకే మండిపోయింది. వాయిదా రోజు బోనెక్కాను.

విన్నది విన్నట్టు చెప్పేశాను. తమ్ముడి ప్లీడరు లేచాడు.

“చదివి వినిపించానని రాసింది మీరేనా?”

“నేనేనండి.”

“వినిపించారా?”

“లేదండి.”

“అంటే ముప్పై ఏళ్లుగా ఈ అబద్ధమే రాస్తున్నారా?”

“అవునండి. అందరం రాస్తున్నాం.”

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు, తలొంచుకుని రాసుకున్నారు.

తీర్పులో పత్రం రద్దయింది. తమ్ముడు అదే వారం పెళ్లాంబిడ్డలతో ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, ఎక్కడికో అక్కకు చెప్పలేదు. నా లైసెన్సూ పోయింది. దానికి పెద్దగా బాధపడలేదు. నిజం చెప్పాలంటే, ఆమె ఒక మంచి మాట అంటుందేమోనని ఆశపడి ఆ గదికి వెళ్లాను. ఆమె కూర్చోమని కుర్చీ చూపించింది, మంచినీళ్లు ఇచ్చింది.

“ఆ రోజు మీరు ఒక్క ముక్క పైకి చదివుంటే, వాణ్ణి అక్కడే నాలుగు తిట్టి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేదాన్ని రైటరుగారూ,” అంది. “గది మిగిలింది. తమ్ముడు లేకుండా పోయాడు.”

నేను మంచినీళ్లు తాగకుండానే లేచి వచ్చేశాను.