అద్దాల హాల్లో ఇటుకల బీరువా

ఆమెకు ముక్కుమీద కోపం. కాలేజీలో ఎవరో కొలిమి అని పేరు పెడితే అదే అతుక్కుపోయింది. తరవాత ఆమె చేపట్టిన పని కూడా ఆ పేరుకు తగ్గట్టే కుదిరింది. ఉక్కు రేకుతో బీరువా అంత పెట్టె చేసి, దాని నిండా ప్రత్యేకంగా కాల్చిన ఇటుకలు పేర్చి, పగటిపూట కప్పు మీది సౌరఫలకాల కరెంటుతో వాటిని ఎర్రగా కాగబెడుతుంది. ఆ వేడి మర్నాటిదాకా చల్లారదు. పెట్టెలోని గొట్టాల్లోకి నీళ్ళు వదిలితే ఆవిరై బయటికొస్తాయి. డీజిలు తాగే బాయిలరు చేసే పనే, పొగ లేకుండా చేస్తుంది. దానికి పలకడానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి పెట్టారు గానీ, చూసినవాళ్ళంతా ఇటుకల బీరువా అనే అన్నారు.

కంపెనీ అంటే కొలిమి, ఆమె తమ్ముడు, ఇద్దరు ఫిట్టర్లు. ఒకప్పుడు టైర్లు నిలవ చేసిన గోడౌనే ఆఫీసూ, వర్క్‌షాపూ. ఎంత కడిగినా రబ్బరు వాసన పోదు. యంత్రం అక్కది, మాటలు తమ్ముడివి. వాడు మాట్లాడితే గోడ కూడా తలూపుతుందని వాళ్ళమ్మ మురిసిపోయేది.

గోడలు తలూపాయేమో గానీ మనుషులు ఊపలేదు. పెట్టుబడి సంస్థల వాళ్ళు మంచి కాఫీ ఇచ్చి, "టెక్నాలజీ అద్భుతం. ముందు ఎవరైనా కొననివ్వండి, అప్పుడు మాట్లాడదాం" అనేవాళ్ళు. ఫ్యాక్టరీల వాళ్ళు కాఫీ కూడా ఇవ్వకుండా, "బాగానే ఉంది. ముందు మీ కంపెనీ నిలబడనివ్వండి. రేపు మీరు మూసేస్తే దీన్ని మేం బట్టలు దాచుకోడానికి వాడుకోవాలా?" అనేవాళ్ళు.

"వాళ్ళు డబ్బిస్తే వీళ్ళు కొంటారు, వీళ్ళు కొంటే వాళ్ళు డబ్బిస్తారు. అందర్నీ ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేస్తే పోలా!" అని కొలిమి స్పానరు విసిరికొట్టేది. ఫిట్టర్లు అలవాటుగా పక్కకు జరిగేవాళ్ళు.

ఒకసారి ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ యజమానురాలు కాస్త ఆసక్తి చూపించింది. లావుపాటి మనిషి, గట్టి గొంతు. "ఇది ఆగిపోతే ఎవరొస్తారు?" అని అడిగింది.

"మా సర్వీసు టీం వెంటనే..." అని తమ్ముడు మొదలుపెట్టాడు.

"టీం వద్దు నాయనా. వచ్చే మనిషి మొహం చూపించు."

బయటికొచ్చాక తమ్ముడు నవ్వేశాడు. "వదిలెయ్ అక్కా. లాండ్రీ పేరు చెప్తే మనకి ఫండెవడిస్తాడు? పెద్ద పేరొకటి పట్టాలి."

వాడు అన్నంత పనీ చేశాడు. పళ్ళరసాలు సీసాల్లో నింపే పెద్ద ఫ్యాక్టరీని పట్టుకొచ్చాడు. ప్రతి దుకాణంలోనూ వాళ్ళ సీసాలే. అక్కడి పర్యావరణ విభాగం మేనేజరు మనిషి సౌమ్యుడు, ఇస్త్రీ నలగని చొక్కా. ఆర్నెల్లు ఉచితంగా పెట్టి చూస్తామన్నాడని తమ్ముడు చెప్పాడు. బాయిలరు రూములోకి బయటివాళ్ళను రానివ్వరట, యంత్రాన్ని వాళ్ళ మనుషులే బిగించుకుంటారట, ఎలా నడుస్తోందో వాళ్ళే చెబుతారట.

"నా మెషీన్ని నేను చూడకూడదా?" అని కొలిమి ఒంటికాలి మీద లేచింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ ఒక్క పేరు చాలు మనకి."

ఆమె తన కారు అమ్మి మరీ చేసిన బీరువా అది. అంత పెద్దది వాళ్ళ దగ్గర ఒక్కటే ఉంది. మనసు ఒప్పకపోయినా ఇచ్చేసింది. ఆ తరవాత ఎప్పుడడిగినా తమ్ముడు, "బ్రహ్మాండంగా నడుస్తోందట" అనేవాడు. కొలిమి ఆ మాట నమ్ముకుని, దానికన్నా మెరుగైన రెండో బీరువా బొమ్మలు గీసుకుంటూ కూర్చుంది.

చివరికి ఒక పెట్టుబడి సంస్థ కాగితాలదాకా వచ్చింది. సంతకాలేమో అనుకుని ఇద్దరూ వెళ్ళారు. ఆ సంస్థ పెద్ద నెరిసిన గడ్డాన్ని దువ్వుకుంటూ, ఆస్పత్రిలో మాట్లాడినట్టు మెత్తగా చెప్పాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళకి ఫోను చేశామమ్మా. మీ మెషీను వచ్చాక డీజిలు ఒక్క చుక్క కూడా తగ్గలేదట. ఇది పనిచేసే వస్తువని మేమెలా అనుకోవాలి?"

"తగ్గకపోవడమేంటండీ? తగ్గి తీరాలి. పొద్దున్నించి సాయంత్రందాకా..." అంటూ ఆమె తమ్ముడి వైపు తిరిగింది. వాడు బల్లమీది గ్లాసు వైపు చూస్తున్నాడు. గోడలను తలూపించేవాడికి మాట రాలేదు. ఆమె కుర్చీ వెనక్కి తోసి, అక్కడివాళ్ళకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా బయటికొచ్చి ఫ్యాక్టరీకి ఆటో ఎక్కింది. వెనక తమ్ముడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు.

బాయిలరు రూముదాకా వెళ్ళే అవసరమే రాలేదు. ఫ్యాక్టరీ ముందు భాగంలో, అతిథులు కూర్చునే అద్దాల హాల్లో, మెత్తటి సోఫాల మధ్య ఆమె బీరువా నిలబడి ఉంది. దానికి ఆకుపచ్చ రంగు వేసి, ఆకులూ పువ్వులూ గీశారు. వెనకనుంచి దీపాలు పెట్టారు. నీళ్ళ గొట్టాల మూతులకు ప్లాస్టిక్ బిరడాలు అలాగే ఉన్నాయి. గోడౌన్లో ఆమె తన చేత్తో బిగించిన బిరడాలే అవి. తలుపు లాగితే ఇటుకలు చల్లగా, కొత్తగా ఉన్నాయి. వాటి ముందు ఖాళీలో రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి గొడుగూ, హ్యాండ్‌బ్యాగూ ఉన్నాయి. అద్దాల అవతల, వెనక పెరట్లోని పొగగొట్టం నల్లగా పొగ వదులుతోంది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది?" అంది.

"చాలా అందంగా వచ్చింది కదా మేడం! వచ్చినవాళ్ళంతా దీంతో ఫోటో దిగుతున్నారు."

"ఆవిరి చెయ్యాల్సిందాన్ని అలంకారానికి పెట్టుకున్నారా?"

మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మొదటినుంచీ అనుకున్నదే కదండీ. బాయిలరు జోలికెళ్ళొద్దని మా ప్రొడక్షన్ వాళ్ళన్నారు. మీ తమ్ముడుగారికి అప్పుడే చెప్పాం. సరేనన్నారు."

మరో ఆటో దిగి అప్పుడే గేటు దగ్గరికి వస్తున్న తమ్ముడికి ఆమె ఎదురెళ్ళింది.

"నీకు తెలుసా?"

"అక్కా, ముందు పేరు వాడుకుని ఫండు తెచ్చుకుందాం, చేతికొచ్చాక నిజంగా బిగిద్దాం అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోనని తెలిసే చెప్పలేదన్నమాట! అందరికీ చెవిలో పువ్వులు పెట్టి, చివరికి నాకే పెట్టావన్నమాట! డీజిలు తగ్గలేదని వాడంటుంటే నా మెషీన్నే అనుమానించానురా. దార్లో ఆటోలో కూర్చుని ఎక్కడ లెక్క తప్పానా అని వెతుక్కున్నాను. తెలుసా నీకు?"

తమ్ముడు తల దించుకున్నాడు గానీ నోరు మాత్రం లేచింది. "నువ్వు కొనేవాళ్ళ ముందు ఒక్కసారైనా ఓపిగ్గా కూర్చున్నావా? ఎవడేమడిగినా 'అర్థం కాకపోతే పొండి' అంటావు. కాళ్ళరిగేలా తిరిగింది నేను. వందమంది మొహం మీద తలుపేస్తే నవ్వుతూ నిలబడింది నేను. నువ్వు ఇటుకలతో మాట్లాడుకుంటూ కూర్చున్నావు."

ఆ మాటల్లో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండిపోయింది. "ఇంటికి పో," అంది. "నాకు కనబడకు."

మర్నాడు పొద్దున్నే ఫిట్టర్లిద్దర్నీ వెంటబెట్టుకుని, క్రేనున్న లారీతో వచ్చి గేటు ముందు దిగింది. కాపలావాళ్ళు ఆపారు. మేనేజరు వచ్చాడు.

"మేడం, దయచేసి రేపు రండి. ఇవాళ ముఖ్యమైన అతిథులు వస్తున్నారు."

"నేను మీకు అమ్మలేదు, అద్దెకివ్వలేదు. నా వస్తువు నేను తీసుకెళ్తున్నా. పోలీసుల్ని పిలుస్తారా, పిలవండి. వాళ్ళు వచ్చేలోపు నేనూ పేపరు వాళ్ళని పిలుస్తా. పొగగొట్టం ముందు నిలబడి అందరం కలిసి ఫోటో దిగుదాం."

మేనేజరు కాపలావాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కొలిమి హాల్లోకి వెళ్ళి, బీరువా తెరిచి, "నీ గొడుగు తీసుకోమ్మా" అని రిసెప్షన్ అమ్మాయి చేతికిచ్చింది. పాపం, ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

బీరువాను చక్రాల చట్రం మీదికెక్కించి గుమ్మం దాటిస్తుండగా అతిథులు దిగనే దిగారు. సూటు వేసుకున్న ఒకాయన ఆగి, "ఇదేంటి?" అని అడిగాడు.

"ఈ ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపించే యంత్రమటండీ," అంది కొలిమి, అందరికీ వినబడేలా. "తీసుకుపోతున్నాం. ఫ్యాక్టరీ ఆగిపోయిందేమో కాస్త వినండి."

అందరూ విన్నారు. గోడ అవతల సీసాల గలగల ఎప్పట్లాగే మోగుతోంది. ఫిట్టర్లలో పెద్దవాడు నవ్వాపుకోలేక క్రేను వెనక్కి పోయాడు.

లారీ ఎక్కాక, "గోడౌనుకేనా?" అన్నాడు డ్రైవరు. ఆమె "కాదు," అని లాండ్రీకి దారి చెప్పింది.

లాండ్రీ ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆకులూ పువ్వులూ ఉన్న బీరువాను ఎగాదిగా చూసింది. "పెద్దోళ్ళు గెంటేస్తే నా నెత్తిన పెడదామని తెచ్చావా?"

"గెంటలేదు. నేనే ఎత్తుకొచ్చా."

"ఆగిపోతే ఎవరొస్తారని అప్పుడే అడిగా."

"నేనొస్తాను. ఈ మొహమే."

"పాత బాయిలరు తియ్యను. పక్కనే ఉంటుంది. ఆవిరి వచ్చినంతకే డబ్బిస్తా. ఆర్నెల్లు చూసి నచ్చకపోతే పట్టుకుపో."

మరొకప్పుడైతే కొలిమి అక్కడే తిరగబడేది. ఆ రోజు మాత్రం సరేనంది. లాండ్రీ కప్పు మీద అప్పటికే ఫలకాలున్నాయి, మధ్యాహ్నం కరెంటు సగం వృథాగా పోతోంది. వారం తిరక్కుండా ఇటుకలు మొదటిసారి ఎర్రబడ్డాయి. పాత బాయిలరు చల్లబడింది. దానిమీద పిల్లి పడుకుంది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. ఒకరోజు ఆవిరి గొట్టంలో వాల్వు ఇరుక్కుపోయి బీరువా మొరాయించింది. ఎన్నాళ్ళుగానో ముట్టించని పాత బాయిలరూ అందుకోలేదు. తడి దుప్పట్లు కొండలా పేరుకుపోయాయి, ఆస్పత్రులనుంచి ఫోన్లు మొదలయ్యాయి. లాండ్రీ ఆవిడ కొలిమిని నిలబెట్టి దులిపేసింది.

"ఆపరేషను చేసినోడిని ఉత్త పరుపు మీద పడుకోబెడతారా? ఆ పువ్వులూ ఆకులూ గీసినంత శ్రద్ధ ఆ గొట్టం మీద పెట్టొచ్చుగా!"

పువ్వులు తాను గీయలేదని చెప్పాలనిపించింది గానీ, జీవితంలో మొదటిసారి ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పకుండా తిట్లన్నీ తిని, బీరువా వెనక్కి దూరింది. ఆ వాల్వు ఎంచుకున్నది తనే. చవగ్గా వస్తోందని కక్కుర్తిపడింది కూడా తనే. ఆ కోపమంతా గొట్టం మీద తీర్చుకుంటూ, చేతులు బొబ్బలెక్కేలా విప్పి కొత్తది బిగించింది.

మధ్యాహ్నం బయటికొచ్చి చూస్తే ఆరుబయట తీగల మీద దుప్పట్లు ఆరేస్తూ తమ్ముడు కనిపించాడు. ఎవరు చెప్పారో, పిలవకుండానే వచ్చాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "అవునండీ, మా తప్పే. మూడింటికల్లా మొదటి విడత నేనే తెచ్చిస్తా" అని ఏదో ఆస్పత్రికి చెబుతున్నాడు.

"ఎవడీ కుర్రోడు?" అంది లాండ్రీ ఆవిడ.

"మా తమ్ముడు."

"పనికొచ్చేలా ఉన్నాడే."

"ఇవాళ ఒక్కరోజుకి," అంది కొలిమి. వాడితో మాత్రం మాట్లాడలేదు. వాడు తెచ్చిన టీ తాగింది.

ఆర్నెల్లు గడిచేసరికి లాండ్రీ ఆవిడ డీజిలు కొనడం మానేసింది. ఆపైన తనకు తెలిసిన లాండ్రీల వాళ్ళను తీసుకొచ్చి, బీరువా చూపించి, అది ఆగిన రోజు తాను కొలిమిని ఎన్ని తిట్లు తిట్టిందో కూడా గర్వంగా చెప్పేది. వాళ్ళలో ఇద్దరు తమకూ కావాలని అడిగి అడ్వాన్సులు ఇచ్చారు.

ఆ వార్త ఎలా చేరిందో, నెరిసిన గడ్డం పెద్దమనిషి లాండ్రీకే వచ్చాడు. ఇస్త్రీ బల్లల మధ్య కుర్చీ వేస్తే కూర్చుని, "మీమీద మాకు మొదట్నించీ నమ్మకమే," అన్నాడు. "పెట్టుబడి పెడతాం. ఒక్కటే మాట. లాండ్రీలు చిన్న మార్కెట్టు. ఆ పళ్ళరసాల వాళ్ళతో రాజీ చేసుకోండి. వాళ్ళ పేరు జాబితాలో ఉంటే బావుంటుంది. వాళ్ళు మీ బీరువా ఉన్నచోట అట్టతో అలాంటిదే చేయించి పెట్టుకున్నారట, అంత ముచ్చటపడ్డారు."

"అట్టతోనా?" అంది కొలిమి. ఆమె నవ్వుతుందో అరుస్తుందో తెలియక ఇస్త్రీ చేసేవాళ్ళు చేతులాపి చూశారు.

"మీరు ఫోను చేసి అడిగారు గానీ బాయిలరు రూముకెళ్ళి చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు. తెలిశాక నాకు సిగ్గేసింది. మీకు ఇవాళ్టిక్కూడా వెయ్యలేదు. మీ డబ్బు నాకవసరమే. కానీ ఆ పేరుతో అయితే వద్దు. లాండ్రీల పేరు మీద ఇస్తానంటే రండి, లేకపోతే ఆ కుర్చీ ఖాళీ చెయ్యండి, దుప్పట్లు పెట్టుకోవాలి."

ఆయన ఆలోచించి చెబుతానని లేచాడు. మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఆ పెట్టుబడి లేక ఆ ఏడాది కంపెనీ రెండు బీరువాలకన్నా ఎక్కువ చెయ్యలేకపోయింది.

ఒక్కరోజుకని వచ్చిన తమ్ముడు ఆ తరవాత పోనే లేదు. నూలుకు రంగులద్దే కార్ఖానా యజమాని పిలిచినప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. ఇకమీదట తాను లేకుండా ఏ బేరమూ జరగదని కొలిమి తేల్చేసింది. అక్కడ నోరు జారొద్దని తమ్ముడు బతిమాలుకున్నాడు. దారంతా దీనిమీదే పోట్లాడుకున్నారు.

యజమాని ముసలాయన. చేతులకు నీలిరంగు అంటుకుని ఉంది. "దీంట్లో లోపమేంటో చెప్పండి ముందు," అన్నాడు.

తమ్ముడు గొంతు సవరించుకుని, అక్క వైపు ఒకసారి చూసి, వాల్వు ఇరుక్కున్న రోజు సంగతంతా పొల్లుపోకుండా చెప్పాడు. దుప్పట్లు ఎన్ని ఆగాయో, ఏ ఆస్పత్రి ఏమని తిట్టిందో కూడా దాచలేదు. ముసలాయన అంతా విని, "మా రంగు తొట్లు మధ్యలో ఆగితే సరుకంతా నాశనమే," అన్నాడు.

"అందుకే వాల్వులు రెండేసి పెడుతున్నామండీ," అంది కొలిమి. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి ఆమె ముక్కుపుటాలు అదిరాయి. తమ్ముడు బల్లకింద ఆమె కాలు తొక్కాడు. ఆమె వాడి కాలు ఇంకా గట్టిగా తొక్కి, పెన్సిలు తీసుకుని, ముసలాయనకు అర్థమయ్యేదాకా బొమ్మ గీసి చూపించింది.