తెలుస్తాంది సార్

నేను ఒక శ్రుతిదండాన్ని. జానెడు ఉక్కు ముక్కను. పైన రెండు కొమ్ములు, కింద ఒక కాడ. కొడితే మోగుతాను. అంతకు మించి నాకు చదువూ సంధ్యా లేవు.

ఉత్తరాదిలో ఏదో రేకుల షెడ్డులో నన్ను చేశారు. ఒక ముసలాయన ఆకురాయితో నా కొమ్ములు రాసేవాడు, కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు, మళ్లీ రాసేవాడు. సెకనుకు సరిగ్గా నూట ఇరవై ఎనిమిది సార్లు వణికేదాకా వదల్లేదు. ఆయన చేతులూ వణికేవి. ఆ వణుకును ఎవరూ లెక్కపెట్టలేదు.

అక్కణ్నించి అట్టపెట్టెలో పడి, అనంతపురం దిక్కున ఒక పల్లె ఆసుపత్రికి చేరాను. పల్లెల్లో పనిచేసే కుటుంబ వైద్యులను తయారు చేయాలని పెద్దలు అనుకున్నారట. అందుకని చదువుకుంటున్న డాక్టర్లను మూడు నెలలకొకరిని ఇక్కడికి పంపేవారు. ఊరివాళ్లు వాళ్లందరికీ కలిపి ఒకే పేరు పెట్టారు, మూణ్ణెల్ల డాక్టరు అని. మూడు నెలల్లో మనిషి పల్లెను నేర్చుకుంటాడని ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. వేరుశనగ పంటకు కూడా అంతకంటే ఎక్కువ గడువు ఇస్తారు.

నా పని చిన్నది. షుగరు ఉన్నవాళ్లకు పాదాలు మెల్లగా మొద్దుబారతాయి. నన్ను కొట్టి, కాడను కాలి బొటనవేలి ఎముక మీద పెడతారు. వణుకు తెలిస్తే కాలు బాగున్నట్టు. తెలియకపోతే ముల్లు దిగినా, పుండు పడినా ఆ మనిషికి తెలియదన్నమాట.

మొదట వచ్చినవాడు జయచంద్ర. నలభై మంది పాదాలు చూసినట్టు చదువు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోవాలి. మంచివాడే. నేలమీద గొంతుక్కూచుని ఒక్కొక్కరి కాలు ఒళ్లో పెట్టుకునేవాడు.

"తెలుస్తోందా పెద్దాయనా?"

"తెలుస్తాంది సార్."

నలభై మందీ అదే మాట. గొర్రెల కాపరి బీరప్ప కూడా. ఆయన ఎడమ బొటనవేలి మీద నేను గొంతు చించుకుంటున్నాను, లోపలినుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. జయచంద్ర 'సాధారణం' అని రాసుకున్నాడు. బయటికి పోతూ బీరప్ప పక్కవాడితో అన్నాడు: "అంత సదువుకున్న సారు నా కాలు పట్టుకున్నాడు. ఆయప్పకు లేదని ఎట్ల సెప్పేది?"

తరువాత హిమజ వచ్చింది. ఆమె కూడా మొదటి వారమంతా 'సాధారణం' అనే రాసింది. అక్కడ ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న నర్సు ఎలీసమ్మ చూసీ చూసీ చివరికి చెవిలో చెప్పింది.

"మేడమ్, ఒకపారి కొట్టకుండా పెట్టి సూడండి."

ఆరోజు శుక్రవారం. కుర్చీలో బీరప్ప. కళ్లు మూసుకోమని, నన్ను కొట్టకుండానే వేలి మీద పెట్టింది హిమజ.

"తెలుస్తోందా?"

"బాగా తెలుస్తాంది మేడమ్."

ఎలీసమ్మ కిటికీ వైపు తిరిగింది. హిమజ నన్ను గట్టిగా మోచేతికి కొట్టుకుని ఆయన నుదుటి మీద పెట్టింది. బీరప్ప ఉలిక్కిపడ్డాడు.

"ఇదేందమ్మా, తుమ్మెద దూరినట్ల జుమ్మంటాంది!"

"కాలి మీద కూడా ఇట్లాగే తెలియాలి."

మళ్లీ కొట్టి కాలి మీద పెట్టింది. ఆయన వంగి వేలి వైపు చూశాడు. "యాడా లేదు మేడమ్," అన్నాడు మెల్లగా.

పాదం తిప్పి చూస్తే మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ చీము. ఎన్నాళ్లుగా దాని మీద నడిచాడో ఆయనకే తెలియదు.

"ఏమప్పా, సెప్పడానికి ఏమాయ నీకు?" అంది ఎలీసమ్మ.

"లేదంటే టౌనుకు పొమ్మంటారు. గొర్రెల్ను నువ్వు మేపుతావా?"

హిమజ టౌనుకు పొమ్మనలేదు. ప్రతి శుక్రవారం ఆమే కడిగి కట్టు కట్టింది. రోజూ అరికాలు చూసుకోమని చిన్న అద్దం ఇచ్చింది. పుండు రూపాయి బిళ్లంత నుంచి కందిగింజంతకు వచ్చేసరికి ఆమె మూడు నెలలు అయిపోయాయి. పోయేముందు ఆసుపత్రి పుస్తకంలో రాసింది: 'బీరప్ప, ఎడమ కాలు. స్పర్శ లేదు. ప్రతి శుక్రవారం చూడాలి.' ఆ పుస్తకం మీదే నన్ను పెట్టి సొరుగు మూసింది.

తరువాతి డాక్టరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆలోగా ఎలీసమ్మకు బదిలీ అయింది. మూడు శుక్రవారాలు బీరప్ప వచ్చాడు, గది తాళం చూసి వెళ్లిపోయాడు. నాలుగో శుక్రవారం గొర్రెలను తోలుకుని పచ్చిక ఉన్న దిక్కుకు పోయాడు. నొప్పి ఉంటే మనిషి ఎవరి తలుపైనా కొడతాడు. బీరప్పకు నొప్పి లేదు.

ఎండాకాలం చివర్లో టౌనులో ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు.

కౌశిక్ అనే మూణ్ణెల్ల డాక్టరు వచ్చినప్పుడు బీరప్ప చంకకర్రతో వరసలో కూర్చున్నాడు. గొర్రెలు అమ్మేశారట. పక్కనున్న ఆమె నవ్వింది.

"ఏం బీరప్పా, సారుకు సగం పని తగ్గిస్తివే."

"ఊఁ. ఇంగ సగముండాది. దాన్నీ సూపిస్తాం పా."

సొరుగులో నా కిందున్న పుస్తకం కౌశిక్ కంటపడలేదు. కొత్త పుస్తకం తెచ్చుకున్నాడు. నలభై మంది కావాలి, బీరప్ప ముప్పై తొమ్మిదో మనిషి. మధ్యాహ్నం దాటింది. ఒక చేత్తో పేరు రాస్తూ, ఇంకో చేత్తో నన్ను తీసి కుడి బొటనవేలి మీద పెట్టాడు.

"తెలుస్తోందా?"

బీరప్ప నా వైపు చూశాడు. లేదు అన్న మాట వెనక టౌను ఆసుపత్రి ఉంది, అక్కడ కాళ్లు తీసే గది ఉంది.

"తెలుస్తాంది సార్."

కౌశిక్ 'సాధారణం' అని రాశాడు. నన్ను కొట్టడం మరిచిపోయాడు.