ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే

పొద్దున్న లేచి ముఖం కడుక్కోగానే డ్రైవింగ్ టీచరమ్మ నేరుగా కారు దగ్గరికి వెళ్ళేది. బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేది. రేడియేటర్‌లో నీళ్ళు పోసేది. నాలుగు టైర్లనూ కాలితో ఒక్కో తన్ను తన్నేది. అంతా సవ్యంగా ఉందని తేలాకే వంటింట్లోకి వచ్చి టీ పెట్టుకునేది. కారు కులాసాగా ఉంటే తనూ కులాసాగా ఉన్నట్టే.

ఆ కారు తత్వం అలాంటిది. ఎవరి పేరు మీద రిజిస్టరై ఉంటే వాళ్ళ ఒంట్లో కాపురం పెడుతుంది. షాక్ అబ్జార్బర్లు పోతే నడుము పట్టేస్తుంది, బుష్‌లు అరిగితే మోకాళ్ళు కిర్రుమంటాయి, కార్బురేటర్‌లో చెత్త చేరితే ఆయాసం వస్తుంది. ఊళ్ళో ఎవరికీ ఇదొక వింత కాదు. కొందరి ఇళ్ళలో పైకప్పు కారుతుంది, వీళ్ళింట్లో కారు ఇలా ఉంటుంది, అంతే. టీచరమ్మ ఎప్పుడైనా నొప్పుల మాత్ర అడిగితే మందుల షాపతను, "ముందు మెకానిక్‌కి చూపించారా?" అనేవాడు.

చూపించే అవసరం తక్కువే. అరవై దాటిన మనిషి, మెట్లు రెండేసి ఎక్కుతుంది. కూరల సంచీ రెండు చేతుల్లో వేలాడేసుకుని వచ్చి, గేటు కాలితో తెరుస్తుంది. డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చిన కుర్రపిల్లలు సాయంత్రానికి సోలిపోయి దిగితే, ఆవిడ ఇంకో ఇద్దరికి రివర్స్ నేర్పి గానీ ఇంటికి రాదు. అదంతా కారు చలవే. వయసులో కూతురికంటే రెండేళ్ళే చిన్న ఆ కారుని ఆవిడ అంత శ్రద్ధగా చూసుకుంటుంది మరి.

కూతురికి మాత్రం ఆ కారంటే ఒళ్ళు మంట. బ్యాంకులో పనిచేసే పిల్ల, లెక్క లేకుండా మాట్లాడదు.

"అమ్మా, నువ్వు దీనికి పోస్తున్న డబ్బుతో కొత్త కారు వాయిదాలు కట్టొచ్చు. ఏసీ ఉంటుంది. వానొస్తే అద్దాల సందుల్లో గుడ్డలు కుక్కక్కర్లేదు."

"ఇది ఆగిపోలేదు కదే."

"ఆగేదాకా ఆగుతావా? నాన్న జ్ఞాపకమని ఉంచుకున్నావు, నాకు తెలుసు. కానీ జ్ఞాపకానికి పెట్రోలు పోస్తారా ఎవరైనా?"

టీచరమ్మ నవ్వి ఊరుకునేది. కూతురు గోడకు చెప్పినట్టుందని విసుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయేది. నాన్న జ్ఞాపకమే, నిజమే. కానీ ఆ పిల్ల అనుకునే జ్ఞాపకం కాదు. పగ పట్టినవాళ్ళు కత్తి నూరుకుంటారంటారు. ఈవిడ కారు సర్వీసింగ్ చేయించుకుంటోంది.

సంగతి ఏమిటంటే, ఆ కారు అమ్మింది ఆవిడ సొంత మరిది. ఊళ్ళో అందరూ అతన్ని పాలిష్ అంటారు. పాత కార్లు కొని, రుద్ది, మెరిపించి అమ్ముతాడు. పైన పటారం లోన లొటారం అన్న మాట అతని షాపు చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఏ కారూ తన పేరు మీద పెట్టుకోడు. అమ్మేవాడి సంతకం ఒక పక్క, కొనేవాడి సంతకం ఇంకో పక్క, మధ్యలో తన వేలికి సిరా కూడా అంటదు. ఊళ్ళో సగం కార్లు అతని చేతి మీదుగా పోయాయి, అతని పేరున సైకిలైనా లేదు.

అప్పట్లో ఆవిడ భర్త డ్రైవింగ్ మాస్టారు. బండి నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే, "తొందరేం లేదు, మెల్లగా వదులు" అనేవాడు. క్లచ్ గురించే కాదు, అన్నిటికీ అదే మాట. తమ్ముడు తెచ్చిన కారు మీటరు చూస్తే కొత్తదానికి దగ్గరగా ఉంది. తమ్ముడే కదా అని నమ్మాడు. పేరు మార్పించుకున్న రోజు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మెట్లు ఎక్కినవాడు వేరు, దిగినవాడు వేరు. నడుం మీద చెయ్యేసుకుని, గోడ పట్టుకుని దిగాడు. ఇంటికొచ్చి పెడళ్ళ మీది రబ్బరు ఊడదీసి చూశాడు. కొత్త రబ్బరు కింద ఇనుము అరిగి నున్నగా మెరుస్తోంది. ఎన్ని ఊళ్ళు తిరిగితే అలా అరుగుతుందో మాస్టారుకి ఒకరు చెప్పక్కర్లేదు. తమ్ముడు మీటరు వెనక్కి తిప్పేశాడు. తిప్పిన దూరమంతా వచ్చి అన్నయ్య ఒంట్లో కూర్చుంది.

అడిగితే పాలిష్ నవ్వాడు. "మీటరు చూడు అన్నయ్యా. కారు కొత్తదే, నీ ఒళ్ళే పాతది."

కొన్నాళ్ళకు, నేర్చుకుంటున్న అమ్మాయి మలుపులో కంగారుపడితే, మాస్టారు తన వైపు బ్రేకు మీదికి కాలు తేలేకపోయాడు. కారు వెళ్ళి గోడను గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు, మాస్టారు పేరుకి తప్ప. తన వ్యాపారానికి మచ్చ రాకుండా పాలిష్ ఆ వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చాడు. "మా అన్నయ్యకి మొదటినుంచీ కాలు తడబాటేనండీ. పాపం, కారు మీదికి నెట్టేస్తున్నాడు." మీటరు అబద్ధం చెబుతుందా అనుకున్నారు జనం. నేర్చుకోవడానికి రావడం మానేశారు. మాస్టారు రెండో ఏడు తిరక్కుండానే పోయాడు. పోయిన రోజు పాలిష్ గుమ్మంలో నిలబడి పదిమందీ వినేలా అన్నాడు, "పాతది పట్టుకుని వేలాడొద్దు, కొత్తది కొనుక్కోమన్నాను. విన్నాడా?"

టీచరమ్మ ఆ మాటను మనసులో పెట్టుకుంది. అప్పటికి ఆవిడ టీచరమ్మ కాదు, స్టీరింగే పట్టని మనిషి. కారుని తన పేరు మీదికి మార్పించుకుంది, నొప్పులతో సహా. మెకానిక్ దగ్గర కూర్చుని ఒక్కో సామానూ మార్పిస్తూ వచ్చింది. ఒక ఏడు బుష్‌లు, ఒక ఏడు స్ప్రింగులు, దొరికినప్పుడు క్లచ్ ప్లేటు. సామాను మారుతున్న కొద్దీ ఒళ్ళు తేలికైంది. డ్రైవింగ్ నేర్చుకుంది, భర్త బోర్డు తుడిచి మళ్ళీ తగిలించింది. తీసేసిన అరిగిపోయిన సామాను మాత్రం, ఆయన తీయించి దాచినవాటితో సహా, పారెయ్యనివ్వలేదు.

"గోనెసంచిలో వేసి అటకమీద పెట్టు తమ్ముడూ," అంది మెకానిక్‌తో.

"ఎందుకక్కా ఈ చెత్త?"

"పని పడుతుంది."

పని ఇన్నేళ్ళకు పడింది. ఒక సాయంత్రం పాలిష్ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి, కుర్చీలో కూలబడ్డాడు. టీచరమ్మ పక్కింటి పిల్లాడి బంతి కోసం గోడెక్కి దూకి వచ్చింది. పాలిష్ ఆవిడ కాళ్ళకేసి అదే పనిగా చూశాడు.

"వదినా, దాచకుండా చెప్పండి. మీ సత్తువంతా ఆ కారుదే కదా?"

"ఊరందరికీ తెలిసిందే కదయ్యా."

"నాకు ఇవ్వండి. ఇప్పుడు కొత్త కార్ల షోరూం కూడా పెట్టాను కదా, అందులో మీకు నచ్చింది తీసుకోండి. దీనికీ దానికీ చెల్లు." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నా పేరు మీదే పెట్టుకుంటాను."

కూతురు లోపలినుంచి వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకుంది, ఒప్పుకోమన్నట్టు. టీచరమ్మ ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట అది. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఒక వారం ఆగు. సర్వీసింగ్ చేయించి ఇస్తాను," అంది.

మర్నాడు మెకానిక్ అటకమీది సంచి దించాడు.

"అన్నీ బిగించాలా అక్కా?"

"అన్నీ. బ్రేకులు మాత్రం ముట్టుకోకు. నాకు వాడు బతికుండాలి."

"మీటరు?"

"దాన్నీ ముట్టుకోకు. తిరిగిందంతా కళ్ళతో చూసే తీసుకోనీ."

మంచి సామాను విప్పి, అరిగింది బిగిస్తున్న కొద్దీ నొప్పి ఆవిడ ఒంట్లోకి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. ముందు మడమ, తర్వాత మోకాలు, ఆ పైన నడుము. ఇంటికి వెళ్ళి మంచం మీంచి లేవబోతే, చెయ్యి దానంతటదే వెళ్ళి నడుం మీద పడింది. వేళ్ళు వెనక్కి, బొటనవేలు ముందుకి. అది తన అలవాటు కాదు, ఆయనది. చెప్పులు తొడుక్కోవడానికి గోడకు భుజం ఆనించడమూ ఆయనదే. ఇన్నేళ్ళూ ఆయన కష్టం తనకు తెలుసనుకుంది. తెలియలేదు. తన పేరు మీదికి వచ్చేసరికే ఆయన సగం బాగు చేయించి పెట్టాడని ఇప్పుడర్థమైంది. ఈ నొప్పితో ఆ మనిషి రోజంతా పెడళ్ళ ముందు కూర్చుని, ఒక్కరి మీదా విసుక్కోకుండా, తొందరేం లేదు అన్నాడు. ఆవిడ దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. ఏళ్ళు గడిచి కాస్త చల్లారిన కోపం మళ్ళీ భగ్గుమంది.

కారుకి మాత్రం పాలిష్ పద్ధతిలోనే అలంకారం చేయించింది. ఇంజిన్ చప్పుడు వినబడకుండా చిక్కటి ఆయిల్, సీట్లకు కొత్త కవర్లు, పెడళ్ళకు కొత్త రబ్బరు. బాడీని అద్దంలా రుద్దించింది.

ఇచ్చే రోజు పాలిష్ షోరూం పైఅంతస్తులో, మెట్ల చివర నిలబడ్డాడు. "పైకి రండి వదినా, సంతకాలు ఇక్కడే," అని పిలిచాడు. పిలుస్తూ ఆవిడ కాళ్ళే చూస్తున్నాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూస్తున్నాడని టీచరమ్మకు తెలుసు. మొదటి మెట్టుకే నడుములో నిప్పు రాజుకుంది. పళ్ళ బిగువున నవ్వుతూ, మెట్లు రెండేసి ఎక్కింది. వెనకాల వస్తున్న కూతురికి తల్లి మెడమీద చెమట కనబడింది గానీ, ఎండనుకుంది.

"ఏమీ మార్చలేదు కదా వదినా?" అన్నాడు పాలిష్ పెన్ను మూత తీస్తూ.

"నువ్వు మాకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది."

పాలిష్ పగలబడి నవ్వాడు. "ఆహా, అదీ మెయింటెనెన్సంటే," అని సంతకం పెట్టాడు.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా స్టాంపు ఎత్తి కొట్టాడు. ఆ చప్పుడుకి టీచరమ్మ నడుం మీంచి బస్తా దింపినట్టయింది. పక్కన పాలిష్ "అబ్బా" అని బల్ల అంచు పట్టుకున్నాడు. గుమాస్తా తలెత్తి, "షాకబ్జార్బర్లా?" అని అడిగి, తర్వాతివాళ్ళను పిలిచాడు. మెట్లు దిగడానికి పాలిష్ గోడ పట్టుకున్నాడు. అదే గోడ.

అమ్మేద్దామని చూశాడు. కానీ అతను మెట్లు దిగడం ఊరంతా చూసింది, ఇక ఎవడు కొంటాడు? తుక్కుకి ఇచ్చేద్దామనుకుంటే, కారుని నలగ్గొడితే తన ఎముకలేమవుతాయోనని భయం వేసింది. మెకానిక్ దగ్గరికి వెళ్తే, "ఈ మోడల్ సామాను తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారండీ. మంచి సెట్టు ఒక్కటే ఉంది. మీ వదినగారి మెట్ల కింద," అన్నాడు.

క్లచ్ తొక్కలేక నడిచే వచ్చాడు పాలిష్. టీచరమ్మ గేటు ముందు కొత్త కారు అద్దాలు తుడుస్తోంది. చొక్కా నలిగి, గడ్డం పెరిగి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. వేళ్ళు వెనక్కి, బొటనవేలు ముందుకి. ఆ చెయ్యి చూసి ఆవిడ గుడ్డ అద్దం మీదే ఒక్క క్షణం ఆపేసింది.

"పాతది పట్టుకుని వేలాడకయ్యా. కొత్తది కొనుక్కో," అంది.

అతను తలొంచుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఇంత నొప్పితో అన్నయ్య క్లచ్ ఎలా తొక్కేవాడు వదినా?"

కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. టీచరమ్మ గుడ్డ పిండి, కారు మీద ఆరేసింది. ఆ ప్రశ్న కోసం ఆవిడ ఎన్ని పొద్దులు ఆ బానెట్ ఎత్తిందో ఆవిడకే తెలుసు. జాలి వేస్తుందేమోనని లోపల వెతుక్కుంది. వెయ్యలేదు.

"సామాను ఇస్తాను," అంది. "అప్పుడు ఇంటింటికీ వెళ్ళి చెప్పావు కదా, ఇప్పుడూ వెళ్ళు. మీటరు నేనే తిప్పాను, మా అన్నయ్య కాలు తడబడలేదు, అని చెప్పు. ఒక్కో ఇంటికీ ఒక్కో సామాను."

"ఈ నడుముతోనా? కారులోనైనా ఎక్కించుకోండి వదినా."

"అది నా పేరు మీదుంది. నీకెందుకు?"

పాలిష్ వీధి చివరిదాకా చూశాడు. మలుపు దాకా ఇళ్ళే. గోడ పట్టుకుని మొదటి గేటువైపు కదిలాడు. టీచరమ్మ మంచి సామానున్న గోనెసంచి వెనక సీట్లో వేసుకుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి గేరులో అతని వెనకే పోనిచ్చింది. అతను ఆయాసంతో ఆగితే తనూ ఆగింది. అద్దం దించి తల బయటపెట్టింది.

"తొందరేం లేదు," అంది. "మెల్లగా వెళ్ళు."

అతను మొదటి ఇంటి తలుపు కొట్టాడు.