కింది నుంచి పైకి

నేను ఒక మూడు సెల్లుల టార్చిలైటుని. ఒళ్లంతా స్టీలు, మెడ దగ్గర ఎర్ర మీట. సెల్లులు వేస్తే చేతికి బరువుగా తగులుతాను. ఆ బరువుతోనే ఒక మనిషి ప్రాణం పోయింది. పాతికేళ్లు కావస్తున్నా నాకు ఆ అదురు తగ్గలేదు.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. దారి చూపడానికే నన్ను చేశారని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆర్మీ క్యాంటీన్‌లో నన్ను కొన్నవాడు శ్రీకాకుళం జిల్లా సిపాయి తవిటినాయుడు. నన్ను కార్గిల్ కొండల మీదికి తీసుకెళ్లాడు. తీరా అక్కడ నన్ను వెలిగించనివ్వలేదు. వెలుతురు కనిపిస్తే గుండు వచ్చి పడుతుందట. టార్చిలైటు కొనుక్కుని చీకట్లో తడుముకుంటూ నడిచే మనుషుల్ని నేను అక్కడే చూశాను. ఒకరోజు పక్కన పడుకున్న స్నేహితుడి మీద ఫిరంగి గుండు పడింది. ఆ మనిషిలో మిగిలింది ఏరి దుప్పట్లో కట్టారు. ఆ రోజు నుంచి తవిటినాయుడు నన్ను పిడికిట్లో పట్టుకుని తప్ప నిద్రపోలేదు.

యుద్ధం ముగిసి సెలవు మీద ఊరికొచ్చినా నా చోటు తలగడ కిందే. అమ్మానాన్నలు లేని ఇల్లు. అన్న ధర్మారావే పెద్దదిక్కు. ఆయన భార్య ఉయ్యాలలోని పాప ఝాన్సీని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది అన్నదమ్ములిద్దరూ, కొత్తగా పెళ్లయిన చెల్లెలు పుణ్యవతి. ఒక మధ్యాహ్నం ఆమె భర్త జోగారావు మిఠాయి కవరు పట్టుకుని అత్తింటికి వచ్చాడు. నవ్వించడం తప్ప ఇంకో పని లేని మనిషి. బావ అన్నాక బావమరిదిని ఆటపట్టించాలి కదా, ఆ ఊళ్లో అది హక్కు. తవిటినాయుడు వసారాలో మంచం మీద నిద్రపోతున్నాడు. అన్నం వేళయింది. జోగారావు చేతిలోకి గాలి నింపిన ఖాళీ కాగితం కవరు ఎలా వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. మునివేళ్ల మీద నడిచి వచ్చి, వంగి, చెవి దగ్గర దాన్ని ఢామ్మని పేల్చాడు.

వంటింట్లోంచి పుణ్యవతి పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఆగేలోపే నేను లేచాను. నేను లేవడమేమిటి, నన్ను పట్టుకున్న చెయ్యి లేచింది. కళ్లింకా మూసుకునే ఉన్నాయి. నా మూతి జోగారావు కణతకి తగిలింది. ఆయన మొహం మీది నవ్వు చెరగనే లేదు, అలాగే కూలిపోయాడు. తవిటినాయుడు కళ్లు తెరిచి ముందు నన్ను చూశాడు, తరవాత బావని చూశాడు.

వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న ధర్మారావు పరుగెత్తుకొచ్చి, తమ్ముడి చేతిలోంచి నన్ను లాక్కున్నాడు.

"నోరెత్తకు. గోడకేసి తిరుగు. నాను సూసుకుంతాను" అన్నాడు.

పుణ్యవతి వచ్చేసరికి నేను ఉన్నది పెద్దన్న చేతిలో. బావ తనని ఎగతాళి చేశాడని, కోపం ఆపుకోలేక కొట్టేశానని అన్నాడు ఆయన. చెల్లెలికీ అదే మాట, పోలీసులకీ అదే మాట, జడ్జిగారికీ అదే మాట.

నా మెడకి చీటీ కట్టి, లక్క ముద్ర వేసి, 'ఎం.ఓ. 1' అన్నారు. కోర్టులో సాక్ష్యంగా పెట్టిన వస్తువులకి అలాంటి పేర్లే పెడతారట. ఇది నీదేనా అని నన్ను చూపించి అందర్నీ అడిగారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. డాక్టరు రిపోర్టులో ఒక వాక్యం ఉంది: దెబ్బ కింది నుంచి పైకి తగిలింది. లాయర్లిద్దరూ చదివారు, జడ్జిగారూ చదివారు. నేనే కొట్టానని మనిషి చేతులు జోడించి చెబుతుంటే దెబ్బ ఎటు నుంచి తగిలితే ఎవరికి కావాలి? ధర్మారావుకి ఏడేళ్లు పడింది. పుణ్యవతి ఆయన మొహం మళ్లీ చూడనంది. చిన్నన్న ఉద్యోగం వదిలి వస్తే, ఆయనకి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎవర్ని శపిస్తోందో, ఎవరికి అన్నం పెడుతోందో తలచుకుంటే నా స్టీలు చల్లబడిపోయేది.

అప్పీలు గడువు దాటాక నన్ను నాశనం చెయ్యమని ఆర్డరు. కోర్టు అటెండరు పొదుపరి. కరెంటు పోయినప్పుడు పనికొస్తానని బీరువాలో దాచాడు. అలా చాలా ఏళ్లు పాత ఫైళ్లకి వెలుగు చూపించాను.

ఒకరోజు కేసు కాగితాల నకలు కోసం ఒక అమ్మాయి వచ్చింది. ఉయ్యాలలోని ఝాన్సీయే. బొమ్మలు గీసి, వాటిని కదిలించి సినిమాలు తీస్తుందట. ఇప్పుడు తండ్రి కథ తీస్తోంది. ఇంట్లోవాళ్లెవరూ కెమెరాకి మొహం చూపించడానికి ఒప్పుకోలేదు. గొంతులు మాత్రం నిజమైనవి, మనుషులు బొమ్మలు. బడిలో హంతకుడి కూతురని పిలిపించుకున్న పిల్లకి ఒకటే ప్రశ్న: చీమని కూడా తొక్కని నాన్న, ఒక్క ఎగతాళికి మనిషిని ఎలా చంపాడు? అటెండరు జాలిపడి కాగితాలతోపాటు నన్ను కూడా ఇచ్చాడు.

ఝాన్సీ పని పద్ధతి వింతగా ఉంటుంది. ఏది గీయాలన్నా ముందు మనిషి చేత చేయించి, ఫోన్లో తీసి, అది చూస్తూ గీస్తుంది. అందుకని తండ్రిని ఆ ఇంటికే తీసుకొచ్చింది. జైలుకెళ్లాక ధర్మారావు ఆ గడప తొక్కడం అదే మొదలు. పుణ్యవతి వంటింటి తలుపు ఓరగా వేసుకుని లోపలే ఉంది. తవిటినాయుడు స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఝాన్సీ జోగారావు తలకి బదులుగా వాసానికి ఒక తలగడ వేలాడదీసి, నన్ను తండ్రి చేతికిచ్చింది. ఆయన నిలబడి పై నుంచి కొట్టాడు.

"నాన్నా, రిపోర్టులో కింది నుంచి పైకి అని ఉంది. నువ్వు నిలబడి కొడితే అలా ఎలా తగులుతుంది?"

ధర్మారావు ఈసారి కొంచెం వంగి కొట్టాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని కొట్టాడు. యాభై అయిదేళ్ల మనిషి, చెయ్యని నేరం ఎలా చేశాడో తెలియక చెమటలు కక్కుతున్నాడు. పాపం, నన్ను పట్టుకోవడం కూడా రాలేదు.

"వదిలీ అన్నయ్యా. నీకు రాదు" అన్నాడు తవిటినాయుడు.

వచ్చి నన్ను అందుకున్నాడు. మంచం మీద పడుకుని, నన్ను తలగడ కిందికి తోసి, కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు నా సెవి కాడ కవరు పేల్చమ్మా" అన్నాడు.

"ఏం కవరు చిన్నాన్నా?"

ఎవరూ ఏమీ పేల్చలేదు. తవిటినాయుడి చెయ్యి దానంతటదే లేచింది. ఇరవై నాలుగేళ్ల తరవాత, గాలిలోకి, కింది నుంచి పైకి. ఝాన్సీ చేతిలో ఫోను జారి కింద పడింది.

వంటింటి తలుపు తెరుచుకుంది. పుణ్యవతి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మిఠాయి కవరు" అంది. "నానే ఊదినాను. పేల్చి లేపండని నానే ఇచ్చినాను."

ధర్మారావు నేల మీద కూలబడ్డాడు. "నీ నవ్వు వాకిట్లోకి ఇనిపించింది. ఆ కవరు వల్లే జరిగిందని నీకు తెలీకూడదనే గదమ్మా" అన్నాడు. "ఈడిని పిచ్చోడంతారు, నువ్వు నుయ్యి సూసుకుంతావు. నానొక్కడిని ఎల్తే సరిపోద్దనుకున్నాను."

అది విని నేను నివ్వెరపోయాను. అంత దగ్గరగా చూసినదాన్ని, ఆ కవరు ఎవరిచ్చారో నాకే తెలియదు.

మర్నాడు తవిటినాయుడు నన్ను సంచిలో వేసుకుని పోలీస్‌స్టేషన్‌కి వెళ్లాడు. అక్కడి ఎస్సై ఆ కేసు నాటికి పసివాడై ఉంటాడు. అంతా విన్నాడు.

"బాబాయ్, ఆ కేసులో శిక్ష కూడా అయిపోయింది. ఇప్పుడెందుకీ గొడవ? ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో" అని టీ ఇప్పించి పంపేశాడు.

ఆ టీ తవిటినాయుడు తాగలేదు. శిక్ష వెయ్యమని వచ్చినవాడికి టీ పోయడం నేనెక్కడా చూడలేదు.

ఝాన్సీ కథ మొదటి నుంచి మళ్లీ గీసింది. నన్ను ఎన్ని వందలసార్లు గీసిందో లెక్కలేదు. కవరు పేలే చోట చప్పుడు పెట్టనంది. చిన్నాన్న వినలేడు. బొమ్మలో కవరు చిరుగుతుంది, అంతే, ఏమీ వినిపించదు. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి ఒక నవ్వు రావాలి. దానికి ఎవరినైనా పిలుద్దామనుకుంది.

పుణ్యవతి ఒప్పుకోలేదు. "ఆ నవ్వు నాది. నన్ను ఏ కోర్టూ అడగలేదు. నానే నవ్వుతాను."

మైకు పెట్టారు. నేను సెల్లులు లేకుండా మైకు పక్కనే బల్ల మీద ఉన్నాను. ధర్మారావు గడప మీద కూర్చున్నాడు. మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది. రెండోసారీ, మూడోసారీ అంతే. నాలుగోసారి కళ్లు మూసుకుంది. యాభయ్యో పడికి దగ్గరపడిన మనిషి, కొత్తపెళ్లికూతురిలా పకపకా నవ్వింది. సరిగ్గా అదే నవ్వు. వసారాలో తవిటినాయుడు చెవులు మూసుకున్నాడు.

నవ్వు ఆగాక ఆమె మైకు దగ్గరే నిలబడిపోయింది. ఆ తరవాత పెద్దన్న వైపు చూసింది.

"ఇలాగే గదా నవ్వినాను?" అని అడిగింది.

ధర్మారావు తలూపాడు.